రాతి మీద గవ్వ

రాంబీ దీవిలో నీళ్ళకు కొదవ లేదు. కొండ మీది నుంచి దిగే వాగులు ఇళ్ళ వెనకనే పారతాయి. వాన పట్టుకుందంటే వారం దాకా వదలదు. అలాంటి చోట కూర్చుని బౌరే ముసలమ్మ అర చిప్ప నీళ్ళతో మొహం కడుక్కుంటుంది. అడుగున మిగిలిన గుక్కెడూ పారబోయదు, తాగేస్తుంది. కుళాయి కట్టకుండా పోయిన పిల్ల కంటబడిందా, చీపురు పుచ్చుకుని వీధి చివరి దాకా తరుముతుంది.

"నువ్వు రెండు చిప్పలు వాడితే వాగు ఎండిపోతుందా అమ్మమ్మా?" అని మనవరాలు రకేరా ఏడిపిస్తుంది.

"వాగు మీ తాత తవ్వించాడటే? నోర్మూసుకుని కుళాయి కట్టు."

ఊళ్ళో కొందరు దాన్ని పిసినారితనం అంటారు, కొందరు ముసలి చాదస్తం అంటారు. రెండూ కాదు. అది కోపం. నలభై నాలుగేళ్ళుగా ఆరని కోపం. అది ఎక్కడ అంటుకుందో తెలియకుండా ఆవిడను చూసి నవ్వేవాళ్ళకు బుద్ధి లేదనాలి.

బౌరే పుట్టింది రాంబీలో కాదు. ఓడలో రోజుల తరబడి పోతే వచ్చే బనాబాలో. అక్కడ వాగు లేదు, చెరువు లేదు, బావి తవ్వితే రాయి తప్ప ఏమీ తగలదు. ఉన్న నీళ్ళన్నీ నేల కింద, బంగబంగల్లో. పాక్కుంటూ తప్ప పోలేని చీకటి గుహలవి. వాటిలోకి ఆడవాళ్ళే దిగాలి. మగవాడు దిగితే నీళ్ళు వెనక్కి పోతాయి. ఎందుకు పోతాయని ఎవరూ అడగలేదు, పోతాయంతే. ఒక్కో గుహ ఒక్కో ఇంటి ఆడవాళ్ళ సొత్తు. గుహ నోటి మీద మూతగా ఒక బల్లపరుపు రాయి, రాతి మీద ఒక తెల్ల గవ్వ. ఆ గవ్వ కనబడితే మగవాడు మొహం పక్కకు తిప్పుకుని వేరే దారిన పోవాలి. కంచె లేదు, కాపలా లేదు. తరతరాలుగా ఒక్క గవ్వతో సరిపోయింది. సిగ్గున్న మగవాళ్ళ దీవి అది.

బౌరేకి ఎనిమిదేళ్ళప్పుడు అమ్మమ్మ టెబానా ఆమెను మొదటిసారి గుహలోకి దించింది. మెడకు తాటితో కట్టిన ఖాళీ కొబ్బరి బుర్రలు ఆరు. ముందు ముసలామె చేతిలో ఎండు మట్ట కాగడా. గుహ నోట్లోంచి దూరాక, ఒక్కో మోకాలూ ఒక అడుగుగా, పదకొండు మోకాళ్ళు దిగుడు. అక్కడ పైకప్పు వంగుతుంది, గడ్డం నేలకు ఆనించాలి. ఆ తర్వాత ఎడమ చెయ్యి చాపితే గోడ తగలదు, అటు తిరగాలి. మళ్ళీ ఆరు మోకాళ్ళు. కుడి భుజానికి ఒక రాయి అడ్డం వస్తుంది. దానికి ఆ ఇంటి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు 'పిన్ని'. దారికడ్డంగా నిలబడి, పలకరించనిదే ఎవరినీ పోనివ్వదు కనక పిన్ని. పిన్నిని దాటితే మొహానికి చల్లగాలి, చల్లగాలి వెంట నీళ్ళు. చిప్పతో కొద్ది కొద్దిగా ముంచి బుర్రలు నింపి, నిండిన బుర్రలతో అంతే దూరం వెనక్కి పాకాలి.

"మోకాలు గీరుకుపోయిందమ్మమ్మా," అని ఏడ్చింది బౌరే పైకి వచ్చాక.

"గీరుకోనీ. దారి గుర్తుండేది మోకాలికే, తలకాయకి కాదు. సరే గానీ, మీ నాన్న అడిగితే ఏం చెబుతావ్?"

"ఏం చెప్పను."

"నీ మొగుడు అడిగితే?"

"నాకు మొగుడెక్కడున్నాడు?"

"వస్తాడు ఎవడో ఒకడు తగలడి. వచ్చాక అడుగుతాడు. చెప్పావో, నీ నాలుక కోసి చేపలకేస్తా."

బౌరేకి పన్నెండేళ్ళు వచ్చిన ఏడు వాన మొహం చాటేసింది. మూడేళ్ళు అలాగే గడిచాయి. కొబ్బరి చెట్ల తలలు వాలిపోయాయి, మొగలి పండ్లు పిడికెడైనా ఎదగలేదు. ఆ మూడేళ్ళూ పదకొండు మంది ఉన్న ఇంటిని ఆ గుహే బతికించింది. మనిషికి రోజుకు చిప్ప తాగడానికి, అర చిప్ప మిగిలిన అన్నిటికీ. ఆ అర చిప్ప లెక్క బౌరే చేతికి అప్పుడు పడింది, మరి పోలేదు.

ఆమె పుట్టక ముందే దీవికి కంపెనీ వచ్చింది. బనాబా మట్టి చల్లితే చచ్చిన చేను కూడా లేచి కూర్చుంటుందని ఎవడో పసిగట్టాడట. ఇంకేం, ఓడలు వరసకట్టాయి. ఎక్కడో ఉన్న తెల్లవాళ్ళ గోధుమ చేలు పచ్చబడటానికి ఇక్కడ దీవిని దీవిగా గీకి ఎత్తుకుపోవడం మొదలెట్టారు. ఆ మట్టిలో తాతముత్తాతల ఎముకలున్నాయి, బాదం చెట్ల వేళ్ళున్నాయి. ఎవడికి పట్టింది? మట్టి పోయిన చోట మనిషెత్తు రాతి కోరలు మిగిలాయి. మేక కూడా నడవలేదు అక్కడ. దీన్ని వాళ్ళు ఒప్పందం అన్నారు. ఒప్పుకోమని పైకి అంటూనే, ఒప్పుకోకపోయినా తీసుకుంటామని అదే నోటితో చెప్పారు.

బౌరేకి ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి. ఇయోటెబా అనే చేపలు పట్టే మనిషితో పెళ్ళయింది, చంకలో పసిపిల్ల ఉంది. టెబానా ముసలామెకు మోకాళ్ళు పడిపోయాయి కాబట్టి గుహ బాధ్యత బౌరేదే. ఆ సంవత్సరమే కంపెనీ బువాకొనికాయ్ ఊరి భూములు కావాలంది. అందులో బౌరే నేల ఒకటి.

ఊరి మనేబాలో అందరినీ కూర్చోబెట్టారు. ఆకు కప్పు, నాలుగు వైపులా తెరిచిన ఆ సభాశాలలో భూములు కొలిచే దొర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన వేరే దీవి నుంచి తెచ్చుకున్న దుబాసీ.

"నీళ్ళ గుహలున్న చోట తవ్వరట," అన్నాడు దుబాసీ. "పటంలో గుర్తు పెట్టి వదిలేస్తారట. కాకపోతే దొరగారు స్వయంగా లోపలికి దిగి చూడాలట."

ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా గోల లేచింది.

"మేం చెప్పే మాట చాలదా?" అని ఒక ముసలామె లేచింది.

"కాగితానికి చాలదట పెద్దమ్మా."

"కాగితం నీళ్ళు తాగుతుందేంట్రా?"

దుబాసీ నవ్వు ఆపుకున్నాడు. ఆ మాట దొరకు చేరవేయలేదు.

కొందరు ఆడవాళ్ళు ఏడుస్తూనే తమ గుహలు చూపించారు. వాళ్ళను ఒక్క మాట అనడానికి లేదు, పిల్లల గొంతు తడవాలి కదా. దొర బూట్లతో దిగాడు. అమ్మమ్మలు కాళ్ళు కడుక్కుని దిగిన చోట బూట్లతో దిగి, పైకొచ్చి దుమ్ము దులుపుకుని పటంలో ఒక చుక్క పెట్టాడు.

"మన గుహ ఎక్కడో నాకు చెప్పవే," అన్నాడు ఇయోటెబా ఇంట్లో. "నేను చూపిస్తాను. పాపం తగిలితే నాకు తగులుతుంది."

"నువ్వు మగాడివి."

"దొర మగాడు కాదా ఏంటి?"

"దొర సంగతి గవ్వ చూసుకుంటుంది."

మాట తేలిగ్గానే అంది కానీ బౌరే నమ్మింది దాన్నే. పొద్దున్నే లేచి రాతి మీది గవ్వను కడిగి తుడిచింది. ఒడ్డుకు పోయి ఇంకో రెండు ఏరి తెచ్చి దాని పక్కన పేర్చింది. ఒక్క గవ్వకే తిరిగిన మొహాలు మూడు గవ్వలు చూసి తిరగవా? దొర కూడా ఒక తల్లి కన్నవాడేగా, ఆడవాళ్ళ చోటుకు మర్యాద ఇవ్వడం వాళ్ళమ్మ నేర్పే ఉంటుంది కదా అనుకుంది. ఆ అనుకోవడమే ఆమె కొంప ముంచింది. సిగ్గున్న మనుషుల మధ్య పెరిగినవాళ్ళే అలాంటి పొరపాటు చేయగలరు. ఎదటివాడికి కూడా సిగ్గుంటుందనుకున్నారు, అదీ వాళ్ళు చేసిన నేరం.

దొర ఆమె నేల మీదికి వచ్చాడు. దుబాసీ అడిగాడు. "ఇక్కడ గుహ ఉందా చెల్లెమ్మా?"

బౌరే తల వంచుకుని నిలబడింది. ఇద్దరు మగవాళ్ళు ఎదురుగా నిలబడి గుహ గురించి అడుగుతున్నారు. ఉందంటే టెబానాకు ఇచ్చిన మాట తప్పినట్టు, లేదంటే నీళ్ళకు ద్రోహం చేసినట్టు. పిల్లను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"చెప్పమ్మా. దొరకి ఎండ కొడుతోంది."

దొర చుట్టూ చూశాడు. మొగలి పొద పక్కన బల్లపరుపు రాయి కనబడింది. రాతి మీద మూడు గవ్వలు. తిప్పు, మొహం తిప్పు, అని బౌరే లోపల్లోపల అరుస్తోంది. దొర వంగి ఒక గవ్వ తీశాడు, ఎండకు పెట్టి చూసి జేబులో వేసుకున్నాడు. మిగిలిన రెండూ చేత్తో తోసేసి ఆ రాతి మీదే కూర్చున్నాడు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, 'ఈ నేలలో గుహ లేదు' అని రాశాడు. గుహ నోటి మీద కూర్చుని గుహ లేదని రాశాడు! ఆ కాగితం మీద బౌరే వేలు పట్టుకుని ముద్ర వేయించారు. ఏం రాసి ఉందో ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

నాలుగు నెలల తర్వాత, మధ్యాహ్నం, చేపలు ఎండబెడుతున్న బౌరేకి నేల లోపల కూలిన చప్పుడు వినిపించింది. పిల్లను పక్కింటామె ఒళ్ళో పడేసి పరిగెత్తింది. గుహ పైకప్పు ఊడి కింద పడింది. ఎండ తిన్నగా లోపలికి దిగుతోంది. పిన్ని రెండు ముక్కలై పక్కన పడి ఉంది. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన కూలీలు అయిదారుగురు నీళ్ళలో నిలబడి పారలు కడుక్కుంటున్నారు, ఒకడు చొక్కా విప్పి వీపు రుద్దుకుంటున్నాడు. బౌరే ఆ నీళ్ళను వెలుగులో చూడటం అదే మొదటిసారి. నీలంగా ఉన్నాయి. అన్నేళ్ళూ నల్లటివనుకుంది.

"బయటికి రండ్రా! మీ అమ్మల్లేరా మీకు! బయటికి రండి!" అని గొంతు చించుకుంది. వాళ్ళకు ఆమె భాష తెలియదు. మేస్త్రీ నవ్వి, దాహమేసిందేమోనని ఒక డబ్బాలో ఆ మురికి నీళ్ళే ముంచి ఆమెకిచ్చాడు. ఆమె డబ్బా వాడి కాళ్ళ మీదికి విసిరింది. నలుగురు కలిసి పట్టుకుని గట్టు మీదికి లాగారు. పది రోజుల్లో ఆ చోట తెల్ల దుమ్ము తప్ప తడి లేదు.

ఇంటికి వచ్చేసరికి టెబానా చాప మీద లేచి కూర్చుని ఉంది.

"చెప్పావా వాళ్ళకి?"

"చెప్పలేదమ్మమ్మా. ఒక్క ముక్క చెప్పలేదు."

"మంచి పని చేశావ్," అని ముసలామె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ నెల దాటలేదు.

ఆ 'మంచి పని చేశావ్' అన్న మాట బౌరేకి మేకులా దిగింది. దొర మీద ఎంత కోపమో అమ్మమ్మ మీదా అంతే కోపం. ఏం మంచి? ఎవరికి మంచి? చెప్పినవాళ్ళ గుహల్లో ఇంకా నీళ్ళున్నాయి, బూట్లు దిగినా సరే ఉన్నాయి. మాట నిలబెట్టుకున్నందుకు తన గుహ పోయింది. ఈ కోపాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చచ్చినవాళ్ళతో పోట్లాడటం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

తర్వాత కంపెనీ సముద్రపు నీళ్ళు కాచి మంచినీళ్ళు పంచింది. పుణ్యానికన్నట్టు! గుహ పోగొట్టుకున్న ఇంటికి రోజుకు ఒక డబ్బా ఎక్కువ ఇస్తామన్నారు. బౌరే వరసలో నిలబడింది. కుళాయి దగ్గర గుమస్తా కూర్చుని ఉన్నాడు. ఒక మగవాడు కుళాయి తిప్పితే ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకోవడం ఆ దీవిలో అంతవరకూ లేదు.

"నీకు ఒక డబ్బానే," అన్నాడు గుమస్తా. "నీ నేలలో గుహ లేదు."

"మరి నేను ఇరవై నాలుగేళ్ళు తాగిందేంటి, మీ కంపెనీ చెమటా?"

"నాకేం తెలుసు? కాగితంలో లేదు. జరుగు, వెనక వాళ్ళున్నారు."

యుద్ధం వచ్చింది, జపానువాళ్ళు వచ్చారు. బనాబా మనుషులను తలా ఒక దీవికి తోలారు. ఇయోటెబా తిండి లేక కొస్రాయి దీవిలో పోయాడు, ఆమెకు ఆ కబురు ఏడాదికి అందింది. యుద్ధం అయ్యాక మిగిలినవాళ్ళను పోగుచేసి, మీ ఇళ్ళు నేలమట్టమయ్యాయి, ఇక అక్కడ ఉండలేరని చెప్పి ఓడెక్కించి రాంబీలో దింపారు. ఇళ్ళు కూల్చింది ఎవరైనా, నేలను కూల్చింది ఎవరో మాత్రం అనలేదు. మనుషులు పోతే కదా మిగిలిన మట్టి తీరిగ్గా తవ్వుకునేది! తుఫానుల నెలలో, గుడ్డ గుడారాల్లో దింపారు. చలి అంటే ఏమిటో తెలియని జనం. రాత్రింబవళ్ళు వాన. గుక్కెడు నీళ్ళ కోసం మోకాళ్ళు చీరుకున్న మనుషుల పరుపుల కిందికి నీళ్ళు వచ్చాయి. ఆ వానాకాలం దగ్గుతో పోయినవాళ్ళలో బౌరే చిన్న కూతురు ఉంది. నాలుగేళ్ళ పిల్ల.

పెద్ద కూతురు బతికింది, ఆమెకు రకేరా పుట్టింది. రకేరా చదువుకుంది, ఊళ్ళో కాగితాలు చూసే పని చేస్తోంది. దీవిని నాశనం చేసినందుకు బనాబావాళ్ళు లండన్ కోర్టుకెక్కారని, జడ్జీ స్వయంగా పాత దీవిని చూడటానికి వస్తున్నాడని ఇంట్లో చెప్పింది ఆ పిల్లే. పోయిన గుహల జాబితా కూడా తయారవుతోందట.

"మన గుహ పేరు అందులో పెట్టించాలి అమ్మమ్మా. నువ్వొచ్చి చెప్పాలి."

బౌరే ఆ పూటంతా వాకిలి ఊడుస్తూనే ఉంది. సాయంత్రం, "వస్తా," అంది.

రాంబీ మనేబా నిండిపోయింది. పెద్దలు, పాస్టరు, పిల్లల తల్లులు. మన వైపు లాయరు తెల్లవాడే, కుర్రవాడు, చెమటలు కక్కుతూ చాప మీద కూర్చున్నాడు. మంచివాడనే అంటారు. పక్కన దుబాసీ, ఈసారి మన ఊరివాడే. లాయరు ఒక పాత కాగితం తీసి చూపించాడు. అవతలి పక్షం ఇచ్చిందట.

"ఈ వేలిముద్ర మీదేనా పిన్నిగారూ?" అన్నాడు దుబాసీ.

"నాదే."

"ఇందులో గుహ లేదని ఉంది. ఇది ఇలా ఉండగా, ఉందని ఎలా నమ్ముతారు అని అడుగుతున్నారు. ఎక్కడుందో, ఎలా ఉండేదో చెప్పమంటున్నారు."

మనేబా అంతా ఆమె వైపే చూస్తోంది. మళ్ళీ అదే. మళ్ళీ ఎదురుగా మగవాళ్ళు, ఒళ్ళో కాగితం. నోరు విప్పితే టెబానా, విప్పకపోతే ఆ కాగితం. ఇప్పుడు ఊరుకుంటే ఆ గుహ అసలు పుట్టనే లేదు, ఆ మూడేళ్ళు పదకొండు మంది తాగింది నీళ్ళే కావు.

"చెప్పు అమ్మమ్మా," అని రకేరా గొణిగింది.

బౌరే లేచింది. "చెప్పను," అంది. "మగాళ్ళంతా మొహాలు తిప్పుకోండి."

దుబాసీ ఆమె వైపు ఒక్క క్షణం చూసి గిరుక్కున వెనక్కి తిరిగాడు. పెద్దలు తిరిగారు. పాస్టరు తిరిగాడు. వంద మంది మగవాళ్ళ వీపులు ఒకేసారి కనబడ్డాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. బనాబాను కంటితో చూడనివాళ్ళు కూడా తిరిగారు.

బౌరే మోకాళ్ళ మీదికి దిగింది. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు. కళ్ళు మూసుకుంది. "రా, నా వెనకే రా," అంది మనవరాలితో. పాకడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, పైకి లెక్కపెడుతూ. రకేరా పాకింది, దాని వెనక ఇంకో పిల్ల, ఇంకో తల్లి. పదకొండు దగ్గర ముసలామె గడ్డం చాపకు ఆనించింది. "వంగవే, నెత్తి పగులుద్ది!" అని వెనక్కి కసిరింది. పైన ఏమీ లేదు, చూరు ఎక్కడో ఉంది. అయినా అందరూ వంగారు. ఎడమ చెయ్యి చాపింది, తిరిగింది. ఆరు లెక్కపెట్టాక కుడి భుజం గాలికి ఆనించి ఆగింది. "పిన్నీ, జరుగు. పిల్లలొచ్చారు," అంది. వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరూ అక్కడ ఆగి పిన్నిని పలకరించి దాటారు. ఆమె చివరికి ఒక స్తంభం మొదట్లో ఆగి, దోసిలి చాప మీద ముంచి పైకి తీసింది.

ఆమె కళ్ళు తెరిచేసరికి లాయరు ఆమె వైపే చూస్తూ గబగబా రాసుకుంటున్నాడు. అంత మందిలో తిరగని మొహం అదొక్కటే. రాస్తూనే ఏదో అడిగాడు. దుబాసీ అటు తిరిగి నిలబడే మాట మార్చాడు. "ఇదంతా బాగానే ఉందట. కానీ జడ్జీకి గుహ నోరు చూపించాలట. నోరు ఎక్కడుంది అని అడుగుతున్నారు."

మోకాళ్ళు చీరుకుపోయి నెత్తురు చాప మీద పడుతోంది. బౌరే స్తంభం పట్టుకుని లేచింది.

"నోరా? నోరు పిండి చేసి ఓడలో ఎత్తుకుపోయారుగా. వాళ్ళ గోధుమ చేలల్లో ఉంది, అక్కడ వెతుక్కోమను. దాంతో పండిన రొట్టె తినే ఇంత పొడుగు పెరిగుంటాడు వీడు, వాడి పొట్టలో వెతుక్కోమను! మా గుహని మమ్మల్నే చూపించమంటారా? ఎత్తుకుపోయినవాడిని అడగరేం?"

దుబాసీ చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. లాయరు చేతిలో కలం ఆగింది. చుట్టూ ఉన్న వీపులను అప్పుడు చూశాడు కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి. కాగితం పక్కన పెట్టి, చాప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెల్లగా వెనక్కి తిరిగాడు.

బౌరే ఆ కుర్ర వీపు వైపు కాసేపు చూసింది.

"ఇప్పుడా తిప్పేది?" అంది. "చెప్పు, వాడికి వాడి భాషలో చెప్పు. నలభై నాలుగేళ్ళయిందని చెప్పు."